ముప్పై మూడు పూతల ఇరుసు

పూతపండుగకి ఇంకా ఇరవై నాలుగు రోజులు

ఇరుసు వేగం నిమిషానికి 280 చుట్లు. అదురు మామూలు కంటే కాస్త ఎక్కువ. నూనె సరిపడా ఉంది. బయట పులుపు వాన.

ఈ పుస్తకంలో రాయాల్సింది ఇంతవరకే. అంకెలు తప్ప మరేమీ రాయకూడదని మొదటి పేజీలో ఎర్ర సిరాతో నియమం ఉంది. కానీ ఈ గదిలో రోజుకి ఎనిమిది గంటలు కూర్చునేది నేను, నియమం రాసిన పెద్దమనిషి కాదు. కాబట్టి ఇంకో సంగతి కూడా నమోదు చేస్తున్నాను. క్యాంటీన్‌లో పెరుగు మళ్లీ పులిసిపోయింది. నెల రోజులుగా రోజూ ఇదే వరస.

గవర్రాజు బాబాయ్‌ని అడిగాను. మా ఊరి రెండు వందల పద్నాలుగు మందికీ వండి పెట్టేది ఆయనే.

"బాబాయ్, ఇది పెరుగా, పులుసా?"

"నేనేం చేసేదమ్మాయ్. తోడేసిన రెండు గంటలకే గడ్డ కట్టేత్తంది. పాలు అయ్యే, తోడు అదే, పెట్టే అరా అదే."

ఆ అర మా ఇరుసు గది గోడకి అవతలి పక్కనే ఉంది. పదకొండేళ్లుగా పెరుగు గిన్నెలు అక్కడే ఉంటున్నాయి.

"మరి తేడా ఎక్కడుంది?"

"నా జాతకంలో ఉండుంటాది."

గోంగూర పులుపు, వాన పులుపు, ఇప్పుడు పెరుగూ పులుపే. శుక్రుడి మబ్బుల్లో కాపురం పెట్టిన మా పెద్దలకి ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఓ బస్తా పంచదార ఎక్కువ తెచ్చుకునేవారు.

పూతపండుగకి ఇంకా ఇరవై ఒక్క రోజులు

వేగం 290 దాటుతుండగా ఇరుసు మూలిగింది.

మొదట సన్నగా మూలిగింది. నేను కుర్చీలోంచి లేచేలోపు కిటికీలోంచి దాని నడుము జానెడు వంగి, తాడాట ఆడుతున్న తాడులా తిరగడం కనిపించింది. బ్రేకు లాగాను. 190కి దించాక బుద్ధిగా నిలబడింది. అప్పటిదాకా నా చేతులు బ్రేకు పిడిని వదల్లేదు.

కాగితాల్లో దాని పేరు మిశ్రమ షాఫ్టు. ఊళ్లో అందరికీ ఇరుసు. మా ఊరు మబ్బూరు గాలి సంచుల కింద వేలాడుతూ పైగాలితో పాటు కొట్టుకుపోతూ ఉంటుంది. కింద గాలి మాకంటే నెమ్మది. ఆ తేడాని పట్టుకోవడానికి నలభై మీటర్ల కింద ఒక గాలిమర వేలాడుతోంది. అక్కడి తిరుగుడిని పైకి మోసుకొచ్చేది ఇరుసే. బోలుగా ఉన్న కార్బన్ దారం గొట్టం. పైన ఒక బేరింగు, కింద ఒక బేరింగు, మధ్యలో ఏమీ లేదు.

220 దగ్గర దానికి ఒక గండం ఉంది. ఏ ఇరుసుకైనా అలాంటి వేగం ఒకటి ఉంటుంది, అక్కడ వంగి ఊగుతుంది. చటుక్కున దాటించేస్తే పైన మళ్లీ నిశ్చింతగా తిరుగుతుంది. దీన్ని బిగించినప్పటి నుంచి, పదకొండేళ్లుగా రోజూ గండం దాటించి 280 మీద నడుపుతున్నాం. గండం గడిచిన తరవాత వంగడం మాత్రం ఇదే మొదలు.

190 మీద వచ్చే కరెంటు గాలి సంచుల వేడికి, దీపాలకి బొటాబొటిగా సరిపోతుంది. స్నానాలు రెండు రోజులకి ఒకటి అని ప్రకటించారు. నన్ను చూసి ముక్కు మూసుకున్నవాళ్లలో ముగ్గురు నాకంటే అధ్వానంగా ఉన్నారని ఇక్కడ రాసి పెడుతున్నాను.

పూతపండుగకి ఇంకా ఇరవై రోజులు

వేగం 190. పెరుగు కమ్మగా ఉంది. ఈరోజు బాగున్నది అదొక్కటే.

మబ్బు ఊళ్లన్నిటి పాలనా చూసే పెద్దమబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. పెద్ద గాలుల కాలం దగ్గర పడుతోంది, గాలిమర 320 వేగంతో తిరుగుతుంది. పండుగ వెళ్లిన మూడో రోజున పరీక్షాధికారి శేషఫణి గారు వస్తారు. ఆయన ఎదుట ఇరుసు 320 మీద గంటసేపు నిలకడగా తిరగాలి. తిరగకపోతే గాలులు రాకముందే మబ్బూరు విప్పేస్తారు. జనాన్ని నాలుగు ఊళ్లకి సర్దుతారు. సర్దుబాటు జాబితా కూడా జతచేశారు. నేను ఉత్తరపు మబ్బుకి, బాబాయ్ పెద్దమబ్బుకి, పేరిందేవి అత్త ఎక్కడికో పేరు కూడా వినని ఊరికి.

నేను ఇక్కడే పుట్టాను. నాకు వేరే ఊరు వద్దు. అంకె కాకపోయినా ఇది రాయకుండా ఉండలేను.

సాయంత్రం సభలో పేరిందేవి అత్త లేచింది. డెబ్భై ఒకటి నిండాయి. వాళ్ల ముత్తవ్వలు కోనసీమలో కొబ్బరి పీచు తాళ్లు పేనేవారట. ఈ ఇరుసుకి కార్బన్ దారాన్ని ఏటవాలుగా, వరస తప్పకుండా చుట్టింది ఆవిడే. భర్త సత్తిరాజు మావయ్య దారం అందించేవాడు.

"నా చుట్టులో లోపం లేదు," అంది అత్త. "అది ముసలిదైంది, వానకి ఓర్చుకోలేకపోతంది. ఈ ఏడు మూడు పూతలు కాదు, ఆరేద్దాం. దాని ఒళ్లు మెత్తగా ఉంటే అదురు అదే అణుగుతాది."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. అది కూడా రాసి పెడుతున్నాను.

పూత అంటే పసుపురంగు రబ్బరు జిగురు. పులుపు వాన తినెయ్యకుండా మొదటి ఏడు ఒక గట్టి వార్నిషు వేసి, దాని మీద ఈ మెత్తటి పూత వేశారు. అది వెయ్యడానికి ఇరుసుని ఆపాలి. ఆపితే ఊరంతటికీ సెలవు. సెలవంటే పాటలు, బూరెలు. అలా ఏటా ఒకటి చాలిన పూత మొదటి ఏడు నుంచే మూడయింది. ప్రతి పూత చివర్లో అందరూ తడి పూత మీద అరచెయ్యి అద్ది పేరు చెప్పుకోవడం ఆనవాయితీ. ఇప్పటికి ముప్పై మూడు పూతలు.

పూతపండుగకి ఇంకా పదహారు రోజులు

నా పని లెక్క కట్టడం. అసలు ఇరుసుకి నకలుగా కంప్యూటర్లో ఒక లెక్కల ఇరుసు ఉంది. దారం ఎన్ని వరసలు, ఏ వాలులో చుట్టారు, గొట్టం మందమెంత, బేరింగులు ఎంత బిగువు, అన్నీ అందులో ఉన్నాయి. నాలుగు రోజులుగా దాన్ని 400 దాకా తిప్పుతున్నాను. గండం దగ్గర ఒకసారి ఊగి, ఆ తరవాత ధ్యానంలో కూర్చున్నట్టు తిరుగుతోంది. నా లెక్క తప్పదని నాకో పొగరు ఉంది. అది ఊరందరికీ తెలుసు.

కాబట్టి తప్పు అసలు ఇరుసుదే అని తేల్చాను. ఒక పక్క బరువెక్కి ఉంటుంది, అంతే. మెడ దగ్గర ఎదురు బరువులు కట్టించి 290 దాటించాను. మూలిగింది. ఇంకో చోట కట్టించాను. మళ్లీ మూలిగింది. మూడోసారి బరువు ఊడి కిటికీకి తగిలింది. అద్దం పగల్లేదు, నా పొగరు పగిలింది.

"ఈ పూట పెరుగు నోట్లో పెట్టుకునేలా లేదు," అని బాబాయ్ గోడ అవతల నుంచి అరిచి చెప్పాడు. నా కష్టానికి తోడు ఇదొకటి.

పూతపండుగకి ఇంకా పన్నెండు రోజులు

వేగం 190. పెరుగు కమ్మగా ఉంది.

ఈ వాక్యం రాశాక పెన్ను పక్కన పెట్టి వెనక పేజీలు తిరగేశాను. 280 వేగం, పులుపు. 190, కమ్మన. 190, కమ్మన. బరువులు కట్టి 290కి ఎక్కించిన రోజు, నోట్లో పెట్టుకునేలా లేదు. నలభై రోజుల పేజీలు చూశాను, ఒక్క రోజు కూడా తప్పలేదు.

గోడ అవతలికి పరిగెత్తాను. బాబాయ్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"బాబాయ్, వేగం ఎక్కువున్న రోజు ఈ అర వేడిగా ఉంటుందా?"

"ఉంటాది. గోడ గోరువెచ్చగా ఉంటాది. రెండేళ్ల బట్టీ ఉంది. ఈ ఏడు ఎక్కువ."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు జాతకం దగ్గరే ఆపేశావు కదమ్మాయ్."

బేరింగుల దగ్గర వేడి ఉండాలి, నిజమే. కానీ బేరింగు గదికి పైకొసన ఉంది, అర ఉన్నది ఇరుసు ఒంటికి ఎదురుగా. కాసేపు 285కి ఎక్కించి, వేడి చూసే దుర్భిణి పెట్టి చూశాను. బేరింగులు చల్లగా ఉన్నాయి. పూత ఒళ్లంతా వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన మనిషిలా.

అప్పుడు నా తల మీద నేనే ఒకటి మొట్టుకున్నాను. ఒక పక్క బరువెక్కి వంగితే, వంపూ ఇరుసూ ఒకే వేగంతో తిరుగుతాయి. బయటికి సాగిన వైపు ఎప్పుడూ సాగే ఉంటుంది. ఏదీ మారదు కాబట్టి ఏదీ వేడెక్కదు. వేడెక్కిందంటే సాగుతోంది, నలుగుతోంది, మళ్లీ సాగుతోంది. నా అదురు ముల్లు ఎంత ఊగిందో చెబుతుంది, ఎన్నిసార్లు ఊగిందో చెప్పదు. మిణుకుమనే దీపం పెట్టి లెక్కపెట్టాను. ఇరుసు తిరుగుతున్నది 285, దాని వంపు తిరుగుతున్నది 220. తేడా అరవై ఐదు. పూతలో ప్రతి వేలెడు చోటూ నిమిషానికి అరవై ఐదు సార్లు సాగి నలుగుతోంది.

లెక్కల ఇరుసు తెరిచి చూశాను. పూత గురించి నేను రాసింది ఒక్కటే పదం, బరువు. మెత్తదనం, సాగడం ఏదీ రాయలేదు. పూతే కదా అనుకున్నాను. ఇప్పుడు రాశాను. ముప్పై మూడు పూతల మెత్తదనం రాసి తిప్పితే, లెక్కల ఇరుసు సరిగ్గా 291 దగ్గర నడుము వంచి మూలిగింది. తెర మీద అది పాడవుతుంటే నేను కుర్చీలో గెంతాను.

సంగతి ఇది. మెత్తటిది అదురుని మింగుతుంది, నిజమే. కానీ అది ఇరుసుతో పాటు తిరుగుతుంటే, గండం దాటాక దాని ఈడ్పు వంపుని వెనకనుంచి తోస్తుంది. తిరిగేదాని ఒంటి మీద మెత్తదనం పనికిరాదు. తిరగనిదాని దగ్గర, అంటే బేరింగు కింద ఉండాలి. ఇన్నాళ్లూ మేం ఇరుసుకి దుప్పటి కప్పాం. దానికి కావాల్సింది కాళ్ల కింద పరుపు.

గెంతడం ఆపాక గుర్తొచ్చింది. ఇంకో ఆరు పూతలు వెయ్యడానికి ఊరంతా సిద్ధంగా ఉంది. పూతే జబ్బు అని ఇప్పుడు పేరిందేవి అత్తకి నేను చెప్పాలి.

పూతపండుగకి ఇంకా తొమ్మిది రోజులు

చెప్పాను. రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుని చెప్పాను.

"ఒలిచెయ్యాలా?" అంది అత్త. జిగురు కలుపుతున్న తెడ్డు చేతిలోనే ఉంది. "పదకొండేళ్ల పూతా?"

"మొదటి గట్టి వార్నిషు ఉంచుదాం అత్తా. వానకి అది చాలు. పైనున్న మెత్తటిదంతా తియ్యాలి."

"పూత వద్దంటన్నావు. రేపు నన్నూ వద్దంటావు. దాని మీద ఎవరి చేతులున్నాయో తెలుసా నీకు?"

"తెలుసు. నాదీ ఉంది."

"నీది తియ్యి. నాలుగో పూత మీద మీ మావయ్య చెయ్యుంది. కన్నుమూసిన ఏడాదే అందరికంటే ముందు అద్దాడు. దాన్ని నేను కత్తి పెట్టి గీకాలా?"

నోరున్న మనిషినని పేరుపడ్డాను కానీ, ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక లెక్క ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. తిరిగొచ్చేశాను.

పూతపండుగకి ఇంకా ఏడు రోజులు

పొద్దున్నే అత్త నా గదికొచ్చింది. కొంగులో రెండు సన్న గొట్టాలున్నాయి, ఒక్కోటి మూరెడు పొడవు. చూపుడువేలంత లావు కూడా లేవు.

"రెండూ ఒకటే వాలులో చుట్టాను. తూకం కూడా ఒకటే ఉండేలా, పూత లేని బోడి దాని మీద సీసపు దారం చుట్టాను. ఒకదానికి పూతేశాను. నీ లెక్కలు నాకర్థం కావు. తిప్పి చూపించు."

అంటే ఈ రెండు రోజులూ ఆవిడ పోట్లాడుతూ ఊరికే కూర్చోలేదు. నాకు తట్టని పరీక్ష ఆవిడకి తట్టింది, అదీ బరువుల తేడా రాకుండా చూసుకుని మరీ. నా కడుపు నిండిపోయింది.

క్యాంటీన్‌లో బాబాయ్ మిక్సీ మోటారు విప్పి బిగించాం. పప్పు రుబ్బడం మానేసి జనం మూగారు. బోడి గొట్టం గండం దగ్గర ఒకసారి ఝుమ్మని, దాటాక నిలకడగా తిరిగింది. పూత గొట్టం కూడా గండం దాటింది. దాటిన కాసేపటికి నడుము తిప్పడం మొదలుపెట్టి, బేరింగులోంచి ఊడి చింతపండు డబ్బాలో పడింది.

అత్త దాన్ని డబ్బాలోంచి తీసి, పూత మీద చెయ్యి వేసి చూసింది.

"వెచ్చగుంది," అంది.

తరవాత ఆవిడే చాకు అడిగింది. పూతని గొట్టం మీద నుంచి ఒలిచి, ముక్కలు కోసి, మోటారు బేరింగుల కింద పరిచింది. బోడి గొట్టాన్ని మళ్లీ బిగించాం. ఈసారి గండం దగ్గర కూడా ఝుమ్మనలేదు. పక్కనున్న గ్లాసులో నీళ్లు కదల్లేదు.

"పూత మంచిదే," అంది అత్త జనం వైపు తిరిగి. "మనం ఎయ్యకూడని చోట ఏశాం. అంతే."

పూతపండుగ రోజు

వేగం సున్నా. అదురు సున్నా. బూరెలు లెక్కలేనన్ని.

పూతపండుగ కాస్తా ఒలుపు పండుగ అయ్యింది. కవచం తొడుగులు వేసుకుని, నడుముకి తాళ్లు కట్టుకుని, ఇరుసు పొడవునా మెట్ల చట్రం మీద బారులు తీరాం. ఎండ పక్క తిరుగుతున్నాం కాబట్టి మబ్బంతా పసుపుగా వెలిగిపోతోంది. పూత నారింజ తొక్కలా చుట్లు చుట్లుగా ఊడొచ్చింది. ఒక్కో పొర విప్పుతుంటే పాత ఏడాదుల చేతులు బయటపడ్డాయి. ఎవరి చెయ్యి కనబడితే వాళ్ల పేరు అరిచి చెప్పారు. ఆరేళ్ల కిందటి నా చెయ్యి పక్కన "నా లెక్క తప్పదు" అని వేలితో రాసి ఉంది. అది చూసి నవ్వనివాళ్లు ఊళ్లో లేరు. నేను మాత్రం కొంచెం ఆలస్యంగా నవ్వాను.

నాలుగో పూత అత్త ఒక్కతే ఒలిచింది. మావయ్య చెయ్యి చెక్కుచెదరకుండా వచ్చింది. పెద్ద అరచెయ్యి, చిటికెన వేలు కాస్త వంకర.

మధ్యాహ్నం బేరింగుల కింద పరుపులు పరిచాం. కిందిదానికి పద్దెనిమిది పొరలు, పైదానికి పద్నాలుగు. ఈ లెక్క నాదే, ఈసారి మెత్తదనం కూడా రాశాను. పై బేరింగు పరుపు మీద ఆఖరి పొరగా ఏది వెయ్యాలని నేను అడగలేదు. అత్తే మావయ్య చేతి ముక్కని తెచ్చి, అరచెయ్యి పైకి ఉండేలా పరిచి, సర్దింది.

"అత్తా, దాచుకోవచ్చు కదా," అన్నాను. "వేరే ముక్కలున్నాయి."

"బతికినన్నాళ్లూ నా నెత్తి మీదే కూర్చున్నాడు," అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ నవ్వి. "ఇప్పుడైనా కిందుండి మొయ్యనీ."

బేరింగుని దాని మీదకి దించాం.

పండుగ వెళ్లిన మూడో రోజు

శేషఫణి గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని మనిషి. మొదట ఈ పుస్తకం అడిగారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇరుసు 320కి ఎక్కుతుంటే ఆయన అటు చూడకుండా పేజీలు తిప్పుతూ కూర్చున్నారు.

220 గండం. సన్నగా ఒక జలదరింపు, దాటేసింది. 280. 291 వచ్చింది. ఏమీ లేదు. 320.

"మేదిని గారూ," అన్నారాయన. "ఇది ఇరుసు గది పుస్తకమా, వంటింటి పుస్తకమా? నలభై ఆరు చోట్ల పెరుగు ప్రస్తావన ఉంది."

"రుజువు అదేనండి," అన్నాను. వేగం పక్కన పులుపు ఎలా నడిచిందో పేజీ పేజీ చూపించాను. ఆయన చాలాసేపు చదివారు. ఎర్ర సిరా నియమం ఉన్న మొదటి పేజీకి వెళ్లి, కిందున్న సంతకం చూపించారు. అది ఆయనదే.

"నేను పరీక్షించిన మూడు ఊళ్లలో ఇలాగే ఇరుసులు పోయాయి," అన్నారు నెమ్మదిగా. "కారణం దొరకలేదు. అక్కడి పుస్తకాల్లో అంకెలు తప్ప ఏమీ లేవు. నేనే వద్దన్నాను."

ఆయన కలం తీసి ఆ నియమాన్ని అడ్డంగా కొట్టేశారు.

గంట కావడానికి ఇంకా రెండు నిమిషాలుండగా గవర్రాజు బాబాయ్ గిన్నెతో తలుపు తోసుకుని వచ్చాడు. వెనకాల పేరిందేవి అత్త.

"అమ్మాయ్, ఏదో తేడాగా ఉంది," అన్నాడు బాబాయ్, గిన్నె ఒంచి చూపిస్తూ. "వేగం ఎక్కువ రోజు కదా, రెండు గంటల్లో గడ్డ కడతాదని పొద్దున తోడేశాను. నాలుగు గంటలైంది. చూడు, పాలు పాలలాగే ఉన్నాయి. గోడ చల్లగా అయిపోయింది. ఇప్పుడు మధ్యాహ్నం జనానికి ఏం పెట్టను?"

అత్త గిన్నెలోకి చూసింది. నా వైపు చూసింది. తరవాత కిటికీ దగ్గరకెళ్లి, పై బేరింగు ఉన్న చోటుకేసి చూస్తూ, "బాగా మోత్తన్నావు," అంది.

వేగం 320. అదురు వెంట్రుకలో సగం. నిలకడ గంట పూర్తి. పరీక్షాధికారి సంతకం పక్కన ఉంది. పెరుగు తోడుకోలేదు. ఊరంతా పాలన్నం తిన్నది, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.